అమ్మ కుట్టే బొంత - అల్లాహ్ వద్ద దాని విలువ

సర్వస్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

మనిషి రోజూ అనుభవిస్తూ కూడా గుర్తించని దైవానుగ్రహాలు ఎన్నో ఉన్నాయి. వెచ్చదనం వాటిలో ఒకటి. దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరాలో అల్లాహ్ పశువుల వల్ల మనకు కలిగే మేళ్ళను తెలుపుతూ అన్నింటికంటే ముందు వెచ్చదనాన్నే ప్రస్తావించాడు (16:5). అదే సూరాలో ఉన్నితో, బొచ్చుతో, వెంట్రుకలతో తయారయ్యే గృహసామగ్రినీ (16:80), ఎండ నుంచి కాపాడే దుస్తులనూ (16:81) తన అనుగ్రహాలుగా గుర్తుచేశాడు. నబా సూరాలోనైతే నిద్రను విశ్రాంతిగానూ, రాత్రిని మనిషిని కప్పి ఉంచే వస్త్రంగానూ చేశానని తెలిపాడు (78:9-10). అంటే దాసుణ్ణి కప్పడం, వాడికి విశ్రాంతినివ్వడం ఆ కరుణామయుని కారుణ్య సూచన. ఆ కారుణ్యంలో చిన్న తునకను అల్లాహ్ తల్లి గుండెలో ఉంచాడు. అందుకే చలి మొదలవుతుందనగానే తనకు శాలువా ఉందో లేదో చూసుకోని తల్లి, పిల్లలకు కప్పడానికి ఏమున్నాయని పెట్టె తెరిచి చూస్తుంది.

ఈ రోజు మనం ఆ తల్లి చేతిలోని సూదీ దారం గురించి, ఆమె ఒడిలోని బొంత గురించి కొంచెం ఆలోచిద్దాం. ఇదేం ధార్మిక విషయమని కొందరికి అనిపించవచ్చు. నమాజు, ఉపవాసం, జకాత్, హజ్‌లే ఇబాదత్ అనీ, ఇంటి పని కేవలం ఇంటి పని అనీ మనలో చాలామంది అనుకుంటారు. ఈ పొరపాటు అభిప్రాయం వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. రోజంతా పిల్లల కోసం కష్టపడే తల్లి, తాను పరలోకం కోసం ఏమీ చేసుకోలేకపోతున్నానని కుమిలిపోతుంది. ఇంట్లోవాళ్ళేమో ఆమె శ్రమను శ్రమగానే లెక్కించరు. "ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా" అనేస్తారు.

పాత గుడ్డ, కొత్త వెచ్చదనం

బొంత ఎలా తయారవుతుందో తల్లులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పురుషులు మాత్రం ఒకసారి తెలుసుకోవాలి. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు, లుంగీలు, చిరిగిన దుప్పట్లు ఏరి, ఉతికి, ఎండబెట్టాలి. హుక్కులు, గుండీలు, పిల్లల ఒంటికి గుచ్చుకునే జరీ తీసేయాలి. నేలమీద ఒక పొరపై ఇంకో పొర పరచి ముడతలు పడకుండా సర్దాలి. అంచులు కచ్చాకుట్టుతో బిగించి, ఆ తర్వాత ఈ కొస నుంచి ఆ కొసకు చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ పోవాలి. ఇంటి పనుల మధ్య దొరికే గంట, అరగంటలోనే ఇదంతా జరగాలి. ఒక బొంత పూర్తయ్యేసరికి రోజులు, వారాలు గడిచిపోతాయి. వేలికి సూది గుచ్చుకుంటుంది, మెడ లాగుతుంది, కళ్ళు మసకబారతాయి.

ఇది ఒక్క మన ప్రాంతపు అలవాటు కాదు. బెంగాల్‌లో ముస్లిం, హిందూ స్త్రీలు పాత చీరలతో కాంథాలు కుడతారు. సింధ్‌లో రల్లీలు కుడతారు. మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ స్త్రీలు పాతబట్టల ముక్కలతో 'కవంద్' అనే బొంతలు కుట్టి, నాలుగు మూలలకూ మడత గుడ్డతో పువ్వులు అమరుస్తారు. వారిలో ముస్లింలూ ఉన్నారు. ఇక తెలుగునాట దూదేకుల (నూర్‌బాషా) కుటుంబాలవారు తరతరాలుగా దూదిని ఏకి, పరుపులూ రజాయిలూ కుట్టి ఎందరి ఇళ్ళకో వెచ్చదనం పంచారు. విచారకరమేమిటంటే, అదే వృత్తి పేరుతో వారిని చిన్నచూపు చూసినవారు కూడా మనలో ఉన్నారు. తన చేతి కష్టంతో సంపాదించి తినే తిండికంటే మేలైన తిండిని ఎవరూ తినలేదనీ, హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంపైనే తినేవారనీ దైవప్రవక్త (సఅసం) ప్రబోధించారు (బుఖారీ). ప్రవక్తలు చేతిపని చేసుకుని బతికారు. మరి చేతిపనిని తక్కువగా చూసే అధికారం మనకెక్కడిది?

ప్రవక్త గృహంలో సూదీ దారం

దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఎలా ఉండేవారని అడిగితే, ఆయన ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే నమాజుకు వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). ఆయన తన బట్టలు తానే కుట్టుకునేవారనీ, చెప్పులు తానే బాగుచేసుకునేవారనీ మరో ఉల్లేఖనంలో ఉంది (అహ్మద్). ఆయన పడక తోలుతో చేసినది. అందులో ఖర్జూరపు పీచు కూరి ఉండేది (బుఖారీ, ముస్లిం). అరేబియా మొత్తం తన ఆజ్ఞకు లోబడిన రోజుల్లోనూ ఆ మహనీయుడు సూది పట్టడాన్ని నామోషీగా భావించలేదు.

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) విషయం చూడండి. ఇంట్లో వేలాడదీసిన తెరపై బొమ్మలుండటం దైవప్రవక్త (సఅసం)కు నచ్చలేదు. ఆమె ఆ గుడ్డను పారేయలేదు. కత్తిరించి దిండ్లుగా కుట్టారు (బుఖారీ, ముస్లిం). ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, గుడ్డను వృథా చేయకుండా మరో రూపంలో వాడుకోవడం. రెండోది, పిల్లల పక్కబట్టలపై ఎలాంటి బొమ్మలుండాలో జాగ్రత్త పడటం. ప్రాణం లేని వస్తువుల బొమ్మలు, చెట్ల బొమ్మలు వేసుకోవచ్చని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పి ఉన్నారు. కాబట్టి పూలు, ఆకులు, నక్షత్రాలు, గళ్ళు, చారలు అమర్చి అందమైన బొంత కుట్టవచ్చు. పసివాళ్ళ కళ్ళకు అవి చాలు.

హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోలు పదును చేసి, కుట్టి, వచ్చిన ఆదాయాన్ని దానం చేసేవారని చరిత్ర గ్రంథాలు తెలుపుతున్నాయి. తన సతీమణుల్లో అందరికంటే పొడవైన చెయ్యి గలవారే ముందుగా తనను కలుసుకుంటారని దైవప్రవక్త (సఅసం) ఒకసారి అన్నారు. వారు నిజంగానే చేతులు కొలుచుకున్నారు. ఆయన తర్వాత ఆ సతీమణుల్లో మొదట, హిజ్రీ 20లో, జైనబ్ (రజి) పరమపదించినప్పుడు ఆ మాటలోని అర్థం తెలిసింది. పని చేసి దానమిచ్చే చెయ్యే పొడవైన చెయ్యి అన్నమాట (ముస్లిం). సూది పట్టిన ప్రతి సోదరీ ఈ విషయాన్ని గుండెల్లో పదిలపరచుకోవాలి.

మరో సంఘటన ఉంది. ఒక స్త్రీ తన చేత్తో నేసిన దుప్పటిని దైవప్రవక్త (సఅసం)కు కానుకగా తెచ్చింది. ఆయనకు దాని అవసరం ఉంది, స్వీకరించి ధరించారు. ఇంతలో ఒక వ్యక్తి అది తనకు కావాలని అడిగాడు. ఆయన ఇచ్చివేశారు. అవసరంలో ఉన్నవారిని అలా అడగవచ్చా అని సహచరులు అతణ్ణి మందలించారు. తన కఫన్ కోసమే అడిగానని అతను చెప్పాడు. చివరకు అది అతని కఫనే అయింది (బుఖారీ). ఆ స్త్రీ పేరు ఆ ఉల్లేఖనంలో లేదు. కానీ ఆమె చేతిపని పద్నాలుగు శతాబ్దాలుగా హదీసు గ్రంథాల్లో నిలిచి ఉంది. మనుషులు పేరు మరచిపోవచ్చు, అల్లాహ్ మరచిపోడు.

"నన్ను కప్పండి!"

హిరా గుహలో తొలి వహీ అవతరించిన తర్వాత మహాప్రవక్త (సఅసం) వణుకుతూ ఇంటికి వచ్చారు. తనను దుప్పటితో కప్పమని అడిగారు. ఇంటివారు కప్పారు. ఆందోళన తగ్గాక హజ్రత్ ఖదీజా (రజి) ఆయన మాట విన్నారు, ఆయన సుగుణాలను గుర్తుచేసి ధైర్యం చెప్పారు (బుఖారీ). ఖుర్ఆన్‌లో ముజ్జమ్మిల్, ముద్దస్సిర్ అనే రెండు సూరాల పేర్లు కూడా దుప్పటి కప్పుకున్నవారిని సంబోధించేవే. మానవాళి మార్గదర్శకత్వం మొదలైన ఆ ఘడియల్లో ఆ ఇంట్లో ముందు కావలసివచ్చినవి ఒక దుప్పటీ, ఒక ఓదార్పు మాటా. భయపడిన మనిషిని కప్పడం ఎంత గొప్ప సేవో ఇంతకంటే ఏం చెప్పాలి?

చీకట్లో ఉలిక్కిపడి లేచే పసిబిడ్డకు తల్లి చేసేది ఇదే. బొంత సర్ది, వీపు నిమిరి, ఒక దుఆ చదువుతుంది. దైవప్రవక్త (సఅసం) హసన్, హుసైన్ (రజి)లను అల్లాహ్ రక్షణలోకి అప్పగిస్తూ దుఆ చేసేవారు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) తన కుమారులు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్ (అలైహిముస్సలాం)ల కోసం ఇదే దుఆ చేసేవారని చెప్పేవారు (బుఖారీ). బొంత చలిని ఆపుతుంది. చలి కాని కీడుల నుంచి ఈ దుఆ రక్షణ. బొంత కప్పే ప్రతి తల్లీ ఈ దుఆను కంఠస్థం చేసుకోవాలి.

సంకల్పమే దారం

కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న హదీసు మనందరికీ తెలుసు. అల్లాహ్ ప్రసన్నత కోరి చేసే ఏ ఖర్చుకైనా ప్రతిఫలం ఉంటుందనీ, చివరకు భార్య నోటికి అందించే ముద్దకు కూడా ఉంటుందనీ దైవప్రవక్త (సఅసం) హజ్రత్ సఅద్ (రజి)కు తెలిపారు (బుఖారీ). ముద్దకు పుణ్యం ఉంటే, బిడ్డను చలి నుంచి కాపాడే కుట్టుకు ఉండదా? అయితే ఆ కుట్టు ఇబాదత్ కావాలంటే మనసులో సంకల్పం ఉండాలి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు బిస్మిల్లాహ్ అనండి. 'అల్లాహ్! నీవు అప్పగించిన ఈ అమానత్‌ను నీ కోసమే కాపాడుతున్నాను' అని మనసులో అనుకోండి. ఇందుకు అదనపు సమయం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

కొందరు తల్లులు చేయి పనిచేస్తుండగా నోటితో పిల్లల్ని శపిస్తుంటారు. "చచ్చిపోరాదా!", "నీ పీడ విరగడవను!" అంటారు. వారు మనస్ఫూర్తిగా అనరని తెలుసు, అలసట అలా అనిపిస్తుంది. కానీ మీపై, మీ సంతానంపై, మీ సంపదపై శాపాలు పెట్టుకోకండి, అది దుఆ అంగీకరించబడే ఘడియ కావచ్చు అని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (ముస్లిం). బిడ్డను కాపాడే గుడ్డ కుడుతూ ఆ బిడ్డ నాశనాన్ని కోరడం ఎంతటి వైపరీత్యం! కోపం వచ్చినప్పుడు "అల్లాహ్ నీకు బుద్ధినిచ్చుగాక!" అనడం అలవాటు చేసుకుంటే, ఆ కోపం కూడా దుఆగా మారుతుంది.

మరో ప్రమాదం ఉంది. చేసిన మేలును ఎత్తిపొడవడం. దెప్పిపొడుపులతో, మనసు గాయపరచడంతో దానాలను వృథా చేసుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది (2:264). గట్టిగా వడికిన నూలును తానే పోగులు పోగులుగా విప్పేసుకున్న స్త్రీ ఉపమానం కూడా ఖుర్ఆన్‌లో ఉంది (16:92). అది ఒప్పందాలు భంగపరచేవారి గురించి చెప్పినదే అయినా, చేతులారా చేసుకున్నదాన్ని చేతులారా పాడుచేసుకునే వారందరికీ అందులో గుణపాఠం ఉంది. పిల్లలు పెద్దయ్యాక "నీ కోసం వేళ్ళు పొడుచుకున్నాను" అని పదే పదే అనే తల్లి తన కుట్లు తానే విప్పుకుంటోంది.

పిల్లల మధ్య న్యాయం

హజ్రత్ బషీర్ (రజి) తన కొడుకు నుఅమాన్‌కు ఒక కానుక ఇచ్చారు. దైవప్రవక్త (సఅసం)ను సాక్షిగా ఉంచితేనే ఒప్పుకుంటానని ఆ బాబు తల్లి అమ్రా బిన్తె రవాహా (రజి) అన్నారు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (సఅసం) అడిగారు. లేదనగానే, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. బషీర్ (రజి) ఆ కానుకను వెనక్కి తీసుకున్నారు (బుఖారీ).

ఈ హదీసును మన ఇంటి పక్కబట్టల వరకూ తీసుకురండి. కొడుక్కి కొత్త దూది రజాయి, కూతురికి అతుకుల బొంత. పెద్దాడికి మందపాటిది, చిన్నదానికి మిగిలినది. ఇలాంటి తేడాలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ, ఆ కూతురు వాటిని జీవితాంతం మరచిపోదు. ఒకే తీరు గుడ్డ అందరికీ దొరకకపోవచ్చు. వెచ్చదనంలో మాత్రం తేడా ఉండకూడదు.

పిల్లలకు ఏడేళ్ళకు నమాజు ఆదేశించాలనీ, పదేళ్ళకు వారి పడకలు వేరుచేయాలనీ కూడా దైవప్రవక్త (సఅసం) ఆజ్ఞాపించారు (అబూదావూద్). ఇరుకు ఇళ్ళల్లో ప్రతి పిల్లకూ ఒక గది ఇవ్వడం సాధ్యం కాదు. కానీ ఒక్కొక్కరికి ఒక్కో బొంత ఇవ్వడం సాధ్యమే. పేద ఇంట్లో ఈ ప్రవక్త ఆజ్ఞను నెరవేర్చే సాధనం ఆ తల్లి చేతి బొంతే.

పరిశుభ్రత, జాగ్రత్త

పసిపిల్లలు పక్క తడుపుతారు. దీనికి వారిని కొట్టడం, నలుగురిలో సిగ్గుపరచడం తగదు. హజ్రత్ ఉమ్మె ఖైస్ (రజి) తన పసిబిడ్డను తెచ్చినప్పుడు ఆ బాబు దైవప్రవక్త (సఅసం) ఒడిలోనే మూత్రం పోశాడు. ఆయన విసుక్కోలేదు. నీళ్ళు తెప్పించి ఆ గుడ్డపై చిలకరించారు (బుఖారీ). వివరాల్లో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం గుడ్డను కడగాలి. పిండడానికి వీలుకాని మందపాటి బొంతను మూడుసార్లు కడిగి, ప్రతిసారీ నీళ్ళు కారడం ఆగేదాకా ఆరేస్తే అది పరిశుద్ధమవుతుంది. అందుకే చిన్న పిల్లల బొంత తేలిగ్గా, ఉతకడానికి అనువుగా ఉండటం మంచిది.

బిడ్డ ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. ఏడాది నిండని పసికందు నిద్రించే చోట బొంతలు, దిండ్లు, మెత్తటి వస్తువులు ఉంచవద్దనీ, అవి ముఖంపైకి జరిగితే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుందనీ పిల్లల వైద్యులు హెచ్చరిస్తున్నారు. పసికందును వెల్లకిలా పడుకోబెట్టి, వెచ్చటి దుస్తులు తొడగాలి. బొంత కప్పడం ఏడాది దాటాకే. అలాగే కుట్టడం ముగిశాక సూదులు లెక్కచూసుకోండి. ప్రేమతో పాటు తెలివి కూడా ఉండాలి.

భర్తలకు, తండ్రులకు ఒక మాట

ఇల్లాలు అడిగిన నాలుగు మీటర్ల గుడ్డ, రెండు దారపు ఉండలు తేవడానికి విసుక్కోకండి. కుటుంబంపై ఖర్చుచేసిన దీనారే ఎక్కువ ప్రతిఫలం గలదని దైవప్రవక్త (సఅసం) తెలిపారు (ముస్లిం). ఆమె కుడుతున్నంతసేపు పిల్లల్ని మీరు చూసుకోండి. పని పూర్తయ్యాక బాగుందని ఒక మాట అనండి. ఇంటివారి పనుల్లో చేయి వేయడం ప్రవక్త సున్నత్ అని ముందే తెలుసుకున్నాం. మసీదులో సున్నత్‌లు పాటించి ఇంట్లో ఈ సున్నత్‌ను వదిలేయడం సరికాదు.

ఒక బొంత ఎక్కువగా

ఇప్పుడు అసలు పరీక్ష గురించి చెప్పుకోవాలి. తన బిడ్డను కప్పడం పక్షికీ, పశువుకూ కూడా తెలుసు. విశ్వాసి కారుణ్యం అక్కడితో ఆగిపోకూడదు. మన వీధిలో తల్లిలేని పిల్లలున్నారు. ఆదిలాబాద్ వైపు, విశాఖ మన్యం వైపు చలికాలపు రాత్రులు ఎలా ఉంటాయో అక్కడివారికి తెలుసు. బస్టాండ్లలో, పేవ్‌మెంట్లపై, ఇటుక బట్టీల దగ్గర పడుకునే పసివాళ్ళు ఉన్నారు. వారి కోసం కుట్టే అమ్మ ఎవరు? అనాథను సంరక్షించేవారు స్వర్గంలో తనకు ఎంత దగ్గరగా ఉంటారో దైవప్రవక్త (సఅసం) రెండు వేళ్ళు చూపి తెలిపారు (బుఖారీ).

సోదరీమణులారా! మీ పిల్లలకు మూడు బొంతలు కుడితే, నాలుగోది ఇంకెవరి బిడ్డకో కుట్టండి. చిరిగిపోయి పనికిరానిది ఇవ్వకండి. మీకు ఇష్టమైన దాంట్లోంచి ఖర్చుచేయనంతవరకు పుణ్యస్థాయికి చేరలేరని ఖుర్ఆన్ తెలుపుతోంది (3:92). మీ బిడ్డకు కప్పడానికి మనసొప్పేదే ఆ బిడ్డకూ ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మతం అడగకండి, ఫోటో తీయకండి, కృతజ్ఞత ఆశించకండి. కేవలం అల్లాహ్ ప్రసన్నత కోసమే పెట్టి, ప్రతిఫలాన్నీ ధన్యవాదాల్నీ కోరని సజ్జనులను ఖుర్ఆన్ ప్రశంసించింది (76:8-9). ఆ బొంత ఇచ్చిరావడానికి మీ పిల్లల్నే పంపండి. బొంతతో పాటు దానగుణం కూడా వారసత్వంగా వారికి అందుతుంది.

చివరి గుడ్డ

మనిషి పుట్టగానే అమ్మ అతణ్ణి పొత్తిగుడ్డల్లో చుడుతుంది. పోయేటప్పుడు ఇతరులు కఫన్‌లో చుడతారు. దానికి దూది పొరలుండవు, రంగురంగుల అంచులుండవు. ఉహుద్‌లో అమరుడైన హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) వైభవంలో పెరిగినవారు. ఆయన కఫన్‌గా దొరికిన గుడ్డ తల కప్పితే కాళ్ళకు చాలలేదు. చివరకు కాళ్ళపై ఇజ్ఖిర్ గడ్డి కప్పి ఖననం చేశారు (బుఖారీ). లోకంలోని ఏ బొంతా మనతో సమాధిలోకి రాదు. వెంట వచ్చేది భయభక్తుల దుస్తు మాత్రమే, అదే అన్నింటికంటే మేలైనదని అల్లాహ్ తెలిపాడు (7:26).

మరణించాక మనిషి కర్మలు ఆగిపోయినా, అతని కోసం దుఆ చేసే సత్‌సంతానం ద్వారా పుణ్యం అందుతూనే ఉంటుంది (ముస్లిం). అమ్మ చేతి బొంతలో పెరిగిన బిడ్డ ఆమె వృద్ధాప్యంలో దుప్పటి సర్దితే, ఆమె మరణానంతరం చేతులెత్తి ఆమె మన్నింపు కోరితే, ఆ తల్లి కుట్టిన ప్రతి కుట్టుకూ ఫలితం లభించినట్లే. అమ్మలు సజీవంగా ఉన్నవారు ఈ రాత్రే వెళ్ళి చూడండి. ఆమెపై దుప్పటి ఉందా? పిల్లలందరికీ పంచిపెట్టి తాను చలిలో పడుకోలేదు కదా?

ఓ అల్లాహ్! మా తల్లుల శ్రమను నీ సన్నిధిలో ఇబాదత్‌గా స్వీకరించు. వారి చేతులకు ఆరోగ్యాన్నీ, కళ్ళకు చల్లదనాన్నీ ప్రసాదించు. మరణించిన తల్లులను నీ కారుణ్యంతో కప్పివేయి. తల్లిలేని పసివారికి మా చేతుల ద్వారా వెచ్చదనం చేరవేయి. మా సంతానాన్ని నీ రక్షణలో ఉంచు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!